కిర్రత్తయ్య సంగీతం గది

మా అత్తయ్య తన ఇంట్లో ఏ తలుపుకీ నూనె వేయనివ్వదు.

కూరల్లోకి వేస్తుంది, తలకి రాస్తుంది, కుట్టుమిషనుకి కూడా అప్పుడప్పుడూ ఒక చుక్క దయచేస్తుంది. తలుపుల మడతబందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చచ్చినా ఒప్పుకోదు. అందువల్ల ఆ ఇంట్లో వీధి తలుపు తీస్తే రెండు కిర్రులు, వంటింటి తలుపు తీస్తే ఒక కీచు, పడగ్గది తలుపు తీస్తే పంటినొప్పి వచ్చిన మనిషి మూలుగు. పంటినొప్పి మూలుగు గురించి నేను ధైర్యంగా చెప్పగలను, నేను పళ్ళ డాక్టర్ని. వీధిలో పిల్లలు ఆవిడకి కిర్రత్తయ్య అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆవిడకి కోపం లేదు, పిలిస్తే పలుకుతుంది.

ఒకసారి బీరువా బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి పోతూ పోతూ ఒక పుణ్యకార్యం చేశాడు.

"వంటింటి తలుపుకి రెండు చుక్కలు నూనె వేశానమ్మా. దానికి డబ్బులేం వద్దులెండి."

అత్తయ్య ముఖం చూసి, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాడట పాపం. ఆవిడ ఆ మడతబందుని సబ్బునీళ్ళతో కడిగింది, గుడ్డతో తుడిచింది, ఉప్పునీళ్ళు పోసింది. రోజూ పొద్దున్నే ఆ తలుపు తీసి మూసి, జ్వరం తగ్గిందా లేదా అని చూసినట్టు చూసుకునేది. కీచు తిరిగి వచ్చిన రోజున మా అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పింది. మేం కూడా సంతోషించాం, సంతోషించకపోతే ఫోన్ పెట్టదు కాబట్టి.

దీనికి ఇంటిల్లిపాదీ తలో కారణం చెప్పుకునేవాళ్ళం. అమ్మ దృష్టిలో ఇది శుద్ధ పిసినారితనం. నాన్న దృష్టిలో మొండితనం. "మా చెల్లెలు చిన్నప్పుడూ ఇంతే" అనేవాడు, చిన్నప్పుడు తలుపుల గొడవేమీ లేకపోయినా. నా సిద్ధాంతం కాస్త శాస్త్రీయంగా ఉండేది. అత్తయ్య ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకునే గడిచింది. ఊరందరి మాటలూ విన్న చెవులకి నిశ్శబ్దం పడదని, అందుకే ఇంట్లో ఏదో ఒకటి మోగుతూ ఉండాలని నేను తేల్చాను. ఈ సిద్ధాంతాన్ని చాలామందికి చెప్పాను కూడా.

ఇక మా మామయ్య. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. అక్షరం అక్షరం వెతికిన కళ్ళు మెల్లమెల్లగా మసకబారి, ఇప్పుడు వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. అయినా ఆ ఇంట్లో ఆయన్ని చూస్తే ఎవరూ నమ్మరు. చేతికర్ర లేదు, గోడ తడుముకోవడం లేదు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపల్నుంచి వినిపిస్తుంది.

"రావే డాక్టరమ్మా. మీ అత్తయ్య పడగ్గదిలో ఉంది. వంటింట్లో ఉన్నది మీ అమ్మ. కూర రుచి చూస్తోంది."

వెళ్ళి చూస్తే నిజంగానే మా అమ్మ, చేతిలో గరిటె. మామయ్యకి దివ్యదృష్టి ఉందని మా ఇంట్లో ఒక నమ్మకం.

అంతా బాగుందనగా ఆ ఇంటికి ఆయుష్షు మూడింది. ఇంటి ఓనరు దాన్ని పడగొట్టి అంతస్తులు లేపుతానన్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయాలి.

మాకు పట్టుకున్న బెంగ ఇంటి గురించి కాదు, మామయ్య గురించి. అంతకుముందు వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నప్పుడు ఆయన్ని నాలుగు రోజులు మా ఇంటికి తీసుకొచ్చాం. మా ఇంట్లో మామయ్య మామయ్యలా లేడు. బల్ల అంచు మోకాలికి కొట్టుకుంది. స్నానాల గది అనుకుని సామాన్ల గదిలోకి వెళ్ళి, బయటికి దారి తెలియక, ఎవరినైనా పిలవడానికి సిగ్గుపడి అక్కడే నిలబడిపోయాడు. అమ్మ చీపురు కోసం వెళ్ళి చూసింది. ఆ తర్వాత ఆయన కుర్చీలోంచి లేవలేదు. కుర్చీ చేతుల్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎవరు పలకరించినా "బాగున్నానమ్మా, బాగున్నాను" అనేవాడు. నాకు ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండదు.

అందుకని నాన్న ఒక నిర్ణయానికి వచ్చాడు. పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకటుంది, అక్కడ చేయిపట్టి నడిపించే మనుషులుంటారు. ఇల్లు మారే రోజునే మామయ్యని అక్కడికి పంపాలి.

"కొత్త ఇంట్లో పడి తుంటి విరిగితే ఎవరమ్మా చూస్తారు? నువ్వొక్కదానివి లేవదీయగలవా?" అన్నాడు.

"ఆయన కొత్త ఇంట్లో నడవగలిగితే?" అంది అత్తయ్య.

"నడవగలిగితే ఇంకెందుకు పంపుతాం? ఎలా నడుస్తాడు? మా ఇంట్లో చూశాంగా."

"అయితే సరే," అని అత్తయ్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కీచుమంది. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని మేం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం.

కొత్త ఫ్లాటు నా క్లినిక్కుకి దగ్గర, లిఫ్టు ఉంది, గాలి వస్తుంది. చూపించడానికి వచ్చిన ఏజెంటు తలుపుల గురించి తెగ మురిసిపోయాడు.

"చిటికెనవేలితో తోస్తే చాలు మేడమ్. చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు."

అత్తయ్య ప్రతి తలుపూ తీసింది, మూసింది, చెవి ఆనించింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"వీటికేం రోగం?"

"రోగమా మేడమ్?"

"నోరు లేదేమిటి?"

ఏజెంటు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అత్తయ్య నా చెవిలో గుసగుసగా అడిగింది.

"ఉప్పునీళ్ళు పోస్తే?"

"స్టెయిన్‌లెస్ స్టీలు అత్తయ్యా. ఈ జన్మలో తుప్పు పట్టదు."

మర్నాడు ఆవిడ నా క్లినిక్కుకి వచ్చి, బయట బెంచీ మీద కూర్చుంది. పక్కన బుగ్గ వాచిన, కీబోర్డు వాయించే ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఏమడిగిందో ఏమో, నేను తలుపు తీసేసరికి ఆయన నోట్లో దూది పెట్టుకునే ఆవిడకి పాఠం చెబుతున్నాడు. అలా మా జీవితాల్లోకి శాంప్లర్ అనే వస్తువు వచ్చింది. శాంప్లర్ అంటే చప్పుళ్ళు మింగే యంత్రం. ఏ చప్పుడైనా పట్టి లోపల దాచుకుంటుంది, మీట నొక్కితే మళ్ళీ కక్కుతుంది. పాటలు కట్టేవాళ్ళు వాడుకుంటారు.

"కంప్యూతర్‌తో అయితే తులువమ్మా," అన్నాడాయన దూది లోంచి.

"కంప్యూటర్ నాకొద్దు. తెర చూసి చేసే పనేదీ వద్దు."

"అయితే పాత తాంప్లర్ ఒకతి కొనుక్కోంది."

ఆ సాయంత్రం అత్తయ్య ఇంట్లో ప్రకటించింది. కొత్త ఫ్లాటులో రెండో పడగ్గది ఆవిడ సంగీతం గది. అందులో కంప్యూటర్ ఉండదు. ఒక పాత శాంప్లర్ ఉంటుంది. దాన్ని వెతకడానికి నేను కారు నడపాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుణ్ణి పరాయి మనుషుల చేతుల్లో పెట్టబోతూ, ఆ గదిలో ఈవిడ పాటలు కడుతుందట! పోనీ ఎప్పుడైనా పాడిందా అంటే జోలపాట కూడా రాదు. ఆ మాటే మామయ్యతో అన్నాను.

"దాన్ని ఏమీ అనకమ్మా," అన్నాడాయన. "ఇన్నేళ్ళూ నాతోనే సరిపోయింది. ఇప్పటికి తనకంటూ ఒక సరదా పుట్టింది. నేను హోమ్‌కి వెళ్తే ఆ గది ఖాళీగానే ఉంటుందిగా. దగ్గరుండి మంచిది కొనిపించు."

మామయ్య అలా అన్నాక నేనేం చేస్తాను? కారు తీశాను.

మొదటి బేరం ఒక గడ్డం ఆయన ఇంట్లో. గది నిండా వైర్లు. ఆయన శాంప్లర్ ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, వెలుగుతున్న చిన్న తెర చూపించాడు.

"చూడండాంటీ, చప్పుడు అల ఎంత చక్కగా కనిపిస్తుందో."

"చూడను. వినిపించు."

ఆయన పొద్దున్నుంచీ కట్టుకున్న దరువేదో వినిపించాడు. అత్తయ్య తల ఊపుతూ విని, లేచి వెళ్ళి, గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

గడ్డం ఆయన పెట్టిన కేక నేను నా వృత్తిలో కూడా వినలేదు. అత్తయ్య ప్లగ్గు మళ్ళీ పెట్టింది. యంత్రం మేలుకుంది. దానికి దరువూ గుర్తులేదు, ఏమీ గుర్తులేదు.

"మతిమరుపు ఘటం," అంది అత్తయ్య. "కరెంటు పోయిందంటే మనం ఎవరో కూడా మర్చిపోతుంది."

"సేవ్ చేసుకోవాలాంటీ!"

"ఎవరు చేస్తారు నాయనా అస్తమానం? నీ దరువు పోయినందుకు ఏమీ అనుకోకు. మళ్ళీ కడితే ఇంకా బాగుంటుంది."

వెనక గదిలోంచి ఆయన భార్య తొంగి చూసింది. ఆ దరువు ఆవిడ పొద్దున్నుంచీ వింటోంది. మా ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చి గుమ్మం దాకా సాగనంపింది.

రెండో బేరం వాయిద్యాల దుకాణంలో, పాత సరుకు బీరువా దగ్గర. దుకాణదారు నిజాయితీపరుడు, ఇది లేవడానికి కాస్త టైము పడుతుందని ముందే చెప్పాడు. అత్తయ్య ప్లగ్గు పీకి పెట్టింది. యంత్రం గురగురలాడింది, గుడ్డిదీపం వెలిగింది, లోపల ఏదో తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. దుకాణదారు ఈలోపు ఒక వీణ తీగ అమ్ముకున్నాడు.

"ఇది లేచి ముఖం కడుక్కునే లోపు మనిషి గడప తట్టుకుని పడిపోతాడు," అంది అత్తయ్య.

"ఏ మనిషి?" అన్నాను.

"ఎవరైతే ఏమిటే! నొక్కగానే రావాలి. ఆలస్యం పనికిరాదు."

తర్వాత ఆవిడ అక్కడున్న ప్రతి శాంప్లర్ ముందూ కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మీటలు వెతుక్కుంటూ నొక్కింది. చిన్న చిన్న మీటలన్నీ ఒకేలా ఉన్నాయని పెదవి విరిచింది. ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని యంత్రాన్ని తడుముతుంటే దుకాణంలో జనం గుమిగూడారు. ధ్యానం చేస్తున్నారేమో అని ఒకాయన పక్కవాడిని మాట్లాడొద్దన్నాడు.

నెలాఖరు దగ్గరపడింది. నాన్న హోమ్‌లో గది మాట్లాడి వచ్చాడు. అత్తయ్య అన్నం సరిగ్గా తినడం లేదు. శాంప్లర్ దొరకనందుకు మనిషి ఇలా అయిపోవడం నేనెక్కడా చూడలేదు. చూడలేక, నా దగ్గరికి వచ్చేవాళ్ళందర్నీ నోరు తెరిపించి అడగడం మొదలుపెట్టాను. చివరికి ఒక జ్ఞానదంతం పుణ్యమా అని మూడో బేరం తగిలింది.

ఆయన డ్రమ్ములు వాయించేవాడు. భుజం పట్టేసి మానేశాడు. ఆయన దగ్గరున్నది డ్రమ్ముల వాళ్ళ శాంప్లర్. పెట్టె సొట్టలు పడి ఉంది. పైన అరచేతులంత రబ్బరు దిమ్మెలు. వెనకాల బోలెడన్ని రంధ్రాలు. కొన్నింట్లో కాలితో నొక్కే మీటలు తగిలించుకోవచ్చట, కొన్నింట్లోంచి ఒక్కో చప్పుడూ ఒక్కో స్పీకరుకి విడిగా పంపించుకోవచ్చట. ఈ మాట విని అత్తయ్య కుర్చీలో ముందుకి జరిగింది.

"ఒక్కో చప్పుడూ ఒక్కో చోటికి?"

"అవునమ్మా."

"గోడ అవతలికి కూడా?"

"వైరు ఎంత పొడుగుంటే అంత దూరం."

ఆవిడ ప్లగ్గు పీకింది. డ్రమ్ముల ఆయన కంగారు పడలేదు. మళ్ళీ పెట్టగానే అది తనంతట తానే లేచి, దిమ్మె మీద కొట్టగానే టక్కుమని పలికింది. అత్తయ్య చేతిసంచీలోంచి స్నానాల గది మడతబందు తీసింది. ఆ తలుపు రెండు రోజులుగా ఒకే బందు మీద ఎందుకు వేలాడుతోందో అప్పుడు తెలిసింది నాకు. దాన్ని మైకు దగ్గర ఆడించి, చప్పుడు పట్టించి, కళ్ళు మూసుకుని దిమ్మె మీద కొట్టింది. అచ్చం స్నానాల గదే.

"ఒక్క లోపం చెప్పాలమ్మా," అన్నాడాయన, ముఖం దించుకుని. "ఈ చివరి దిమ్మెని ఒకసారి కొడితే ఒక్కోసారి రెండుసార్లు మోగుతుంది."

"ఫరవాలేదు. మా వీధి తలుపూ అంతే," అంది అత్తయ్య.

ఆ తర్వాత పాత ఇంట్లో రికార్డింగు జరిగింది. నేను తలుపులు తీయాలి, ఆవిడ మైకు పట్టుకుంటుంది. నేనెలా తీసినా తప్పే.

"దొంగలా తీస్తావేమే? మనిషిలా తియ్యి."

"మనిషిలాగే తీశాను."

"మీ మామయ్య భోజనానికి లేచినప్పుడు ఎలా తీస్తారు? అలా తియ్యి. ఆకలితో."

ఆకలితో తలుపు తీయడం నేర్చుకునేసరికి నాకు నిజంగానే ఆకలేసింది. మామయ్య కుర్చీలో కూర్చుని నవ్వుతూ విన్నాడు. "మంచి పాట కట్టు," అన్నాడు ఆవిడతో. ఆవిడ మైకు వైరు చుట్టుకుంటూ అటు తిరిగింది.

కొత్త ఫ్లాటులో సంగీతం గదికి తాళం వేసుకుని ఎలక్ట్రీషియన్‌తో ఏవేవో చేయించింది. గోడలకి చప్పుడు బయటికి పోని అట్టలేవో వేయిస్తోందనుకున్నాం.

ఇల్లు మారే రోజు వచ్చింది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆయన బట్టల సంచీ ఒకటి. తిన్నగా హోమ్‌కే వెళ్దామన్నాడు నాన్న. "ఒక్క కప్పు కాఫీ కొత్త ఇంట్లో తాగి వెళ్తారు," అంది అత్తయ్య. నాన్న కారు దగ్గర ఉండిపోయాడు, ఆలస్యమైతే హోమ్ వాళ్ళు ఏమనుకుంటారోనని ఆయన బాధ.

నేను మామయ్యకి నా మోచెయ్యి పట్టించి లిఫ్టులో పైకి తీసుకెళ్ళాను. సంచీని గుమ్మం లోపల తలుపు పక్కనే పెట్టుకున్నాడు, మళ్ళీ వెతుక్కోకుండా. ఆయన వేళ్ళు నా మోచేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, మా ఇంట్లో ఆ కుర్చీ చేతులు గుర్తొచ్చాయి. అత్తయ్య మా వెనక వీధి తలుపు మూసింది.

కిర్రు, కిర్రు.

మామయ్య ఆగిపోయాడు. అత్తయ్య లోపలికి నడిచి ఇంకో తలుపు తీసింది. అది మూలిగింది. ఆయన తల అటు తిరిగింది. ఇంకో తలుపు తీసింది. కీచుమంది.

నేను తలెత్తి చూశాను. ప్రతి తలుపు పైనా అగ్గిపెట్టెంత స్పీకరు. ప్రతి తలుపు చట్రంలోనూ ఒక చిన్న మీట. వైర్లన్నీ గోడ పక్కన బుద్ధిగా పాక్కుంటూ సంగీతం గదిలోకి వెళ్ళాయి.

మామయ్య నా మోచెయ్యి వదిలేశాడు.

ఒక అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు. దారిలో ఒక అట్టపెట్టె తగిలితే దాన్ని పక్కకి తోసి, కీచు వినిపించిన వైపు నడిచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, హుందాగా అడిగాడు.

"కాఫీ పొయ్యి మీద పెట్టావా?"

అది స్నానాల గది.

"ఎలక్ట్రీషియన్!" అని అరిచింది అత్తయ్య. పాపం ఆయన స్పీకరు వైర్లు రెండు అటూ ఇటూ కలిపేశాడు. ఇంకా తన సామాన్లు సర్దుకుంటున్నవాడు పరుగెత్తుకుంటూ వచ్చి సరిచేశాడు. మామయ్య స్నానాల గదిలో నిలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. సిగ్గుపడలేదు. ఆ తర్వాత ఆయన్ని ఆపడం మా వల్ల కాలేదు. ఒక్కో తలుపూ తీసి మూసి, గోడని ఒకసారి అరచేత్తో తాకి, "ఇది పడగ్గది, దీనికి కుడిపక్కన వంటిల్లు" అని పైకి చెప్పుకుంటూ ఇల్లంతా తన సొంతం చేసుకుంటున్నాడు.

నేను సంగీతం గదిలో అత్తయ్య పక్కన నిలబడ్డాను. ఆ సొట్టల పెట్టె తప్ప అందులో ఇంకేమీ లేదు.

"నూనె వద్దన్నది ఇందుకేనా అత్తయ్యా? ఇన్నేళ్ళూ?"

"చూపు తగ్గుతోందని ఆయన నాకు చెప్పలేదు," అంది వైర్లు సర్దుతూ. "నేను కనిపెట్టానని నేనూ ఆయనకి చెప్పలేదు. నూనె మానేశాను, అంతే."

నా శాస్త్రీయ సిద్ధాంతాన్ని ఎంతమందికి చెప్పానో గుర్తొచ్చి, నాకు గట్టిగా ఏడవాలనిపించింది. ఏడిస్తే ఈవిడ మైకు తెస్తుందని భయపడి ఊరుకున్నాను.

కాఫీ వాసన వచ్చింది. మామయ్య వంటింట్లో తనంతట తానే కప్పులు వెతుక్కుంటున్నాడు. నాన్న ఇక ఉండబట్టలేక పైకి వచ్చాడు. సామాన్లు మోసేవాళ్ళ కోసం వీధి తలుపు తెరిచే ఉంది. ఆయనకి ఇవేమీ తెలియవు. బావతో ముఖాముఖి చెప్పి సంచీ తీసుకెళ్ళడం ఆయనకి కష్టంగా ఉన్నట్టుంది. గుమ్మం లోపలికి వంగి, సంచీ చప్పుడు చేయకుండా అందుకుని, మునివేళ్ళ మీద వెనక్కి జరిగి, మెల్లగా తలుపు దగ్గరికి లాగాడు.

తలుపు రెండుసార్లు అరిచింది.

"బావా!" అన్నాడు మామయ్య వంటింట్లోంచి. "నా సంచీ ఎక్కడికి పట్టుకెళ్తున్నావు? అక్కడ పెట్టి లోపలికి రా. నీకూ ఒక కప్పు పోశాను."

నాన్న సంచీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత సంచీ కింద పెట్టి, చెప్పులు విప్పి, కాఫీకి వెళ్ళాడు.